బిందె ఎత్తే ముందు

బోరింగు దగ్గర కోడలు వంగి బిందె ఎత్తింది. నడుము పట్టేసింది. అవి నాట్ల రోజులు. పనికి పోకపోతే కూలి రాదు.

నర్సమ్మ వచ్చి చూసింది. "ఎత్తేటప్పుడు బరువు ఎక్కడ పడిందో గమనించావా?" అని అడిగింది.

"పనిలో పడితే ఒళ్ళు ఎవరు చూసుకుంటారమ్మా!" అంది కోడలు.

లీటరు నీళ్ళు కిలో బరువు. 15 లీటర్ల బిందె 15 కిలోల పైనే. నడుము వంచి ఎత్తితే నడుము మీదే భారం.

నర్సమ్మ అత్తకు సగం నిండిన బిందె చూపించింది. "కాళ్ళు ఎడంగా పెట్టండి. మోకాళ్ళు వంచండి. బిందెను ఒంటికి దగ్గరగా పట్టుకుని లేవండి. నడుము మెలి తిప్పకండి" అంది.

అత్త అలాగే లేచింది. "నడుము లాగలేదు. బలం తొడల మీద పడింది!" అంది. "నీకు తగ్గేదాకా నీళ్ళు మావాడు తెస్తాడులే" అని కోడలికి చెప్పింది.

మీరు బిందె ఎలా ఎత్తుతారు? చేసి చూడండి. బరువు ఎక్కడ పడిందో చెప్పండి.