అగ్లోనిమా మీవారిది, మాన్‌స్టెరా అమ్మాయిది

ప్రశ్న: మా హాల్లో కిటికీ పక్కన రెండు కుండీలున్నాయి. ఒకదాంట్లో ఎర్రంచు అగ్లోనిమా, రెండోదాంట్లో మాన్‌స్టెరా. రెండింటినీ సెల్‌ఫోన్‌తో ఫొటోలు తీశాను, ఫ్రేము కట్టిద్దామని. బ్లాక్ అండ్ వైట్ అయితేనే గోడ మీద బాగుంటుందంటుంది మా అమ్మాయి. పచ్చటి మొక్కను బూడిదరంగులో చూడ్డమేమిటని మావారు. ఎవరి మాట వినమంటారు?
– ఒక సోదరి, రాజమహేంద్రవరం

జవాబు: ఇద్దరిదీ వినండి, కాకపోతే ఒక్కో మొక్కకు ఒక్కొక్కరిది. అగ్లోనిమాకు మీవారి మాట, మాన్‌స్టెరాకు అమ్మాయి మాట.

రంగు తీసేస్తే ఫొటోలో మిగిలేది వెలుగునీడల తేడా ఒక్కటే. అగ్లోనిమా అంచు ఎరుపూ, పక్కనున్న పచ్చా కంటికి ఎంత వేరైనా, వెలుగులో చాలాసార్లు ఇంచుమించు సమానం. బ్లాక్ అండ్ వైట్‌లో రెండూ కలిసిపోతాయి, అంచు మాయమవుతుంది. క్రోటన్లదీ ఇదే గతి. మనీప్లాంట్ అలా కాదు. దాని పసుపు మచ్చ పచ్చకంటే లేత కాబట్టి రంగు పోయినా మచ్చ నిలుస్తుంది.

మాన్‌స్టెరాకు చిల్లులూ చీలికలే అందం. వెలుతురు పక్కనుంచి పడితే ఈనెలు పైకి తేలతాయి, చిల్లుల్లోంచి వెనక చీకటి కనిపిస్తుంది. అమెరికా ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ 1930లో ఒక క్యాప్సికంను తగరపు గరాటులో కూర్చోబెట్టి బ్లాక్ అండ్ వైట్‌లో తీశాడు. ఆ మెలికల మీద వెలుగు జారిన తీరుకు అది మనిషి ఒళ్లులా కనిపిస్తుంది. అదే రంగుల్లో ఉంటే కూరగాయగానే మిగిలేదని నా అనుమానం.

ఫొటోలు మళ్లీ తీసేటట్టయితే అమ్మాయికో మాట. ఫోనులో ఫిల్టర్ నొక్కేసి ఊరుకోవద్దు. కలర్లోనే తీసి, తర్వాత మార్చుకోవాలి. రంగుకో స్లైడర్ ఉన్న యాప్ అయితే పచ్చతోపాటు పసుపునూ జరిపి చూడమనండి. ఆకుల్లో పసుపు పాలు మనం అనుకునేదానికంటే ఎక్కువ, అది పెంచితేనే ఆకు వెలుగుతుంది. తీసేముందు తడిగుడ్డతో ఆకులు తుడవాలి. బ్లాక్ అండ్ వైట్‌లో దుమ్ము దాగదు.

మీవారి అగ్లోనిమా తీసేటప్పుడు మాత్రం హాల్లో బల్బులన్నీ ఆర్పేయండి. కిటికీ వెలుతురూ బల్బు వెలుతురూ కలిస్తే సగం ఆకు పసుపు కొడుతుంది. ఎరుపు చాల్లేదని శాచురేషన్ పెంచారో, ప్లాస్టిక్ మొక్కలా తయారవుతుంది!

ఇక ప్రింటు. కలర్ ల్యాబుల్లో బ్లాక్ అండ్ వైట్ ఒక్కోసారి ఆకుపచ్చగానో ఊదాగానో దిగుతుంది. ముందు చిన్న సైజులో ఒకటి వేయించి, పగటి వెలుతురులో చూసుకున్నాకే పెద్దది చెప్పండి.