ఆసులు ఓడిన రాత్రి
సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: డల్లాస్ దగ్గర ఉంటాం. నెలకో శనివారం తెలుగువాళ్లం ఏడెనిమిది మందిమి ఎవరో ఒకరింట్లో చేరి పోకర్ ఆడతాం. తలా నలభై డాలర్ల ఆట. పోయినసారి నాకు రెండు ఆసులు, అవతలి మిత్రుడికి రెండు రాజులు వచ్చాయి. బల్ల మీద ముక్కలు తెరవకముందే ఇద్దరం ఉన్నదంతా నెట్టేశాం. ఆఖరి ముక్క రాజు పడింది! ఆ తర్వాత చేతికి ఏం వచ్చినా ఆడాను, మూడుసార్లు మళ్లీ డబ్బు కట్టాను. ఇంటికొచ్చాక నా తీరుకి నాకే సిగ్గేసింది. అదుపులో ఉండడం ఎలా?
- ఓ పాఠకుడు, టెక్సాస్

జవాబు: దీనికి పోకర్ వాళ్లు పెట్టుకున్న పేరు టిల్ట్. పాత పిన్‌బాల్ మెషీన్‌ను గట్టిగా కుదిపితే ఆ మాట వెలిగి ఆట ఆగిపోయేది. మనిషి దగ్గర చిక్కేమిటంటే, లైటు వెలుగుతుంది గానీ ఆట ఆగదు.

ముందు లెక్క చూద్దాం. చేతికి రెండు ఆసులు రావడం సగటున 221 డీళ్లకు ఒకసారి. ఇంటి ఆటలో కబుర్లూ మిర్చిబజ్జీలూ పోను గంటకు పాతిక డీళ్లు పడితే గొప్ప. అంటే ఎనిమిది, తొమ్మిది గంటలు కూర్చుంటే ఒక్కసారి. రాత్రికి నాలుగైదు గంటలు ఆడే మీకు అది రెండు నెలల ఎదురుచూపు. అంతసేపు కాచుకున్నాక వచ్చినవాటిని ముక్కలుగా చూడం, మనకు రావలసిన బాకీగా చూస్తాం. కానీ రెండు ఆసుల మీద రెండు రాజులు వందలో దాదాపు 18 సార్లు గెలుస్తాయి. పాచిక వేస్తే ఆరు పడే అవకాశం కంటే అది కాస్త ఎక్కువే. పాచికలో ఆరు పడితే ఎవరైనా అన్యాయమంటారా?

మీకు మాత్రం ఆ ఓటమి బాకీ ఎగవేతలా అనిపించింది. వెంటనే వసూలుకు బయల్దేరారు. 'పోయినచోటే వెతుక్కోవాలి' అంటారే మనవాళ్లు, పేకాటలో అంతకంటే ఖరీదైన మాట నేను వినలేదు. కానెమన్, ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1979లో వివరించింది కూడా ఈ బుద్ధినే: లాభంలో ఉన్నప్పుడు ఆచితూచి అడుగేసే మనిషే, నష్టం పూడ్చుకోవాలనుకున్నప్పుడు మామూలుగా ముట్టని పందేనికి చెయ్యి చాస్తాడు.

గట్టిగా ఊపిరి పీల్చుకోండి అని చెప్పను. వేడి మీద అది ఎవరికీ గుర్తుండదు. తల చల్లగా ఉన్నప్పుడే కట్టడి చేసుకోవాలి. ఇంట్లోంచి బయల్దేరేముందే ఎనభై డాలర్లు జేబులో పెట్టుకోండి, అంతే. ఆ రాత్రి ఆటకొచ్చే ఒక మిత్రుడికి ముందే చెప్పండి: "మూడోసారి అడిగితే నాకు చిప్స్ ఇవ్వకురా" అని. మీరు బతిమాలినా ఇవ్వని మిత్రుణ్ని ఎంచుకోండి.

రెండోది, కోపం మీకు ఎక్కడ మొదలవుతుందో కనిపెట్టడం. నా సంగతి చెబుతాను. మామూలప్పుడు చిప్స్ రంగుల వారీగా దొంతర కడతాను. ఒళ్లు మండితే దొంతర చెడగొట్టి, గుప్పిట్లో పోసుకుని గలగలలాడిస్తాను. ఇది కనిపెట్టింది నేను కాదు, పక్కగదిలో ఉన్న మా ఆవిడ. ఇప్పుడా చప్పుడు నాకూ వినిపిస్తుంది. లేచి వెళ్లి రెండు మూడు డీళ్లు వదిలేస్తాను, వంటింట్లో ప్లేట్లు సర్దుతాను. మా ఆవిడకు ఈ పద్ధతి బాగా నచ్చింది.

ప్రశ్న: ఎలా ఓడిపోయామో నలుగురికీ చెప్పుకుంటే మనసు తేలికపడదా?
- ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీకు పడుతుందేమో, వినేవాడికి బరువవుతుంది. మరియా కొన్నికోవా అనే మనస్తత్వ శాస్త్రవేత్త పోకర్ నేర్చుకోవడానికి ఎరిక్ సీడెల్ అనే పెద్ద ఆటగాడి దగ్గర చేరింది. 2020లో అచ్చయిన 'ది బిగ్గెస్ట్ బ్లఫ్' ఆ కథే. దురదృష్టం కథలు చెప్పవద్దని ఆయన ఆమెకు గట్టిగానే చెప్పాడు. ఏ ముక్క పడిందన్నది వదిలేసి, ఎంత పెట్టారు, ఎందుకు పెట్టారు, అప్పుడు మీకు తెలిసిందేమిటి అన్నవి చెప్పి చూడండి. సగం కథలు రెండు వాక్యాల్లో అయిపోతాయి.

ప్రశ్న: ముఖంలో ఏదీ కనపడనివ్వకపోతే నిగ్రహం వచ్చినట్టేనా?
- ఓ విద్యార్థి, గుంటూరు

జవాబు: కాదు. నల్లకళ్లద్దాలు పెట్టుకుని, రాయిలా కూర్చుని, లోపల కుతకుతలాడుతూ ఉన్నదంతా పోగొట్టుకున్నవాళ్లు బోలెడుమంది.

ప్రశ్న: మావారు ఫోన్లో రమ్మీ, పోకర్ ఆడి ఆరు లక్షలు అప్పు చేశారు. "ఆట నాకు వచ్చు, ఆవేశమే అడ్డొస్తోంది, అది తగ్గించుకుంటే అప్పు తీర్చేస్తా" అంటున్నారు. ఆయనకు నాలుగు మాటలు చెబుతారని రాస్తున్నాను.
- ఓ గృహిణి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, పైన రాసినవేవీ ఆయనకు చూపించకండి. అవి పోయినా ఫర్వాలేదనుకున్న డబ్బుతో సరదాకి ఆడేవాళ్లకు. అప్పు తీర్చడానికి ఆడే మనిషికి నిగ్రహం పాఠాలు మళ్లీ కూర్చోవడానికి ఇంకో సాకు. ఒకవేళ గెలిచి అప్పు తీర్చినా ఆగుతారన్న నమ్మకం లేదు. పోయిందంతా తిరిగి చేతికొచ్చాక కూడా, రెండోసారి పిలిస్తే ధర్మరాజు వెళ్లి కూర్చోలేదా? ఈ స్థితిని వైద్యులు జబ్బుగా చూస్తారు. అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో దీన్ని మద్యం, మత్తుమందుల వ్యసనాల పక్కన చేర్చింది.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. ఇప్పటికీ ఆడుతున్నారంటే అది ఏ దొంగ యాప్‌లోనో అయివుంటుంది. గెలిచినా ఆ డబ్బు చేతికి రాకపోతే అడిగే దిక్కుండదు.

ముందు ఇద్దరూ కూర్చుని అప్పులన్నీ ఒక కాగితం మీద రాయండి: ఎవరికెంత, వడ్డీ ఎంత, లోన్ యాప్‌లు ఎన్ని. ఆయన ఒప్పుకుంటే జీతం పడే ఖాతా కొన్నాళ్లు మీరు చూసుకోండి. నగలు తాకట్టు పెట్టి గుట్టుగా తీర్చే పని మాత్రం చేయకండి. అలా తీరిన అప్పు మళ్లీ మొలుస్తుంది. మానసిక సమస్యలకు ప్రభుత్వ సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, రాత్రీపగలూ ఉంటారు, తెలుగులో మాట్లాడతారు. విశాఖలోనే ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆయన నోట చావు మాట వస్తే ఒంటరిగా వదలకండి, తెల్లారేదాకా ఆగకండి. ఫోన్లో మాట్లాడనని ఆయనంటే ఆ నంబరుకు మీరే చేసి మాట్లాడండి. ఇంట్లోవాళ్లు అడిగినా వాళ్లు చెబుతారు.