గృహజ్యోతి: కరెంటుతో కలిపి అద్దె కడుతున్నారా? ఇవి తెలుసుకోండి

"అద్దె 6 వేలు, కరెంటు అందులోనే" అని మాట్లాడుకుని ఉంటున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇలాంటి ఇళ్లలో బిల్లు ఓనరు చేతికి పోతుంది, మనకు కనబడదు. అందుకే జీరో బిల్లు వచ్చినా ఆ లాభం మీ దాకా రాకపోవచ్చు.

పథకం ఎవరికి?
తెలంగాణలో గృహజ్యోతి 2024 ఫిబ్రవరి 27న మొదలైంది. అర్హత ఉన్న ఇంటికి నెలకు 200 యూనిట్ల వరకు జీరో బిల్లు వస్తుంది. అద్దెకున్నవాళ్లూ అర్హులే. రేషన్ కార్డు, ఆధార్, ఇంటి కరెంటు సర్వీసు నంబర్ కావాలి. ఒక కార్డుకు ఒకే సర్వీసు. ఇల్లు మారితే కొత్త నంబర్ నమోదు చేయించుకోవాలి.

200 దాటితే?
పైన వాడిన యూనిట్లకే కాదు, మొత్తం బిల్లు కట్టాలి. 2022-23 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లకు రూ.5.10 చొప్పున, ఆపై 100 యూనిట్లకు రూ.7.70 చొప్పున పడుతుంది. అంటే 210 యూనిట్లకు రూ.1,097. ఇతర చార్జీలు అదనం. పది యూనిట్లకు ఇంత తేడా!

ఒకే మీటరు, మూడు పోర్షన్లు
ఒక్కో కుటుంబం 80 యూనిట్లే వాడినా మెయిన్ మీటరులో 240 అవుతుంది. బిల్లు రూ.1,328. సబ్ మీటరు ఉన్నా పథకానికి లెక్క మెయిన్ మీటరుదే. పోర్షన్‌కు వేరే సర్వీసు తీసుకోమని ఓనరును అడగండి.

ఓనరుతో ఏం మాట్లాడాలి?
1. ప్రతి నెలా బిల్లు ఫోటో పంపమనండి.
2. అద్దెలో కరెంటుకు ఎంత అనేది విడిగా తేల్చుకోండి.
3. జీరో బిల్లు వచ్చిన నెల ఆ మొత్తం తగ్గించేలా, 200 దాటితే సబ్ మీటరు ప్రకారం పంచుకునేలా కాగితం మీద రాసుకోండి.
4. నంబర్ ఇవ్వడానికి ఓనరు భయపడితే చెప్పండి: నంబర్ ఇచ్చినంత మాత్రాన సర్వీసు మీ పేరుకు మారదు, ఆయన పేరు మీదే ఉంటుంది.

వాడకం మీద కన్ను
రోజుకు ఆరు యూనిట్లు మించకపోతే 200 లోపు ఉంటారు. ఆదివారం ఆదివారం రీడింగ్ రాసిపెట్టుకోండి. 75 వాట్ల ఫ్యాను రోజుకు 16 గంటలు తిరిగితే నెలకు 36 యూనిట్లు. 2,000 వాట్ల గీజరు రోజూ అరగంట వేస్తే 30 యూనిట్లు. అందరికీ నీళ్లెక్కించే మోటారు మీ మీటరు మీదే ఉందా? అదీ చూసుకోండి.

ఎక్కడికి వెళ్లాలి?
గ్రామాల్లో ఎంపీడీవో ఆఫీసు, పట్టణాల్లో మున్సిపల్ ఆఫీసు. అర్హత ఉండీ జీరో బిల్లు రాకపోతే కార్డు, ఆధార్, తాజా బిల్లు పట్టుకుని వెళ్లండి.