లేజరు కిరణముతో రోమములు తీయించుకొనుట – చర్మమునకు కలుగు బాధలు

ఢిల్లీ నగరమునకు దక్షిణమున, ఐ.ఐ.టి.కి చేరువనున్న కటవారియా సరాయ్ అద్దెగదులలో విద్యార్థులు విరివిగా నివసించు పేట. ముఖముపైని రోమములను లేజరు కిరణముతో తీయించుకొనగోరు యువతీయువకులు ఇట్టి పేటలలో తక్కువ కాదు. ధర యెంతయని అడుగువారే గాని, తమ చాయకు ఏ కిరణము తగునని అడుగువారు అరుదు. అడుగవలసినది ఆ రెండవ ప్రశ్నయే.

వెండ్రుకలోని మెలనిన్ అను నల్లని పదార్థము కిరణమును పీల్చుకొని వేడెక్కును. ఆ వేడికి వెండ్రుక కుదురు చెడును. 1983లో ఆండర్సన్, పారిష్ అను అమెరికా వైద్యులు ఈ సూత్రమును వివరించిరి. అయితే అదే మెలనిన్ చర్మమునందును కలదు. తెల్లని చర్మములో అది స్వల్పము. చామనచాయవారిలో అధికము గాన చర్మము కూడ ఆ వేడికి గురియగును. 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైటు కిరణముకంటె 1064 నానోమీటర్ల నియోడిమియం-యాగ్ కిరణమును మెలనిన్ తక్కువగా పీల్చును. కావున మనవారికి అపాయము తక్కువ.

చికిత్సానంతరము వెండ్రుకల మొదళ్లు ఎఱ్ఱబడి కొంచెము ఉబ్బును. ఒకటి రెండు దినములలో తగ్గును, భయపడనక్కఱలేదు. బొబ్బలెక్కినచో మాత్రము అది కాలిన గాయమే. గాయము మానినను నల్లమచ్చలు నెలల తరబడి నిలువవచ్చును. కొందఱికి ఆ చోట రంగు పోవును. పెండ్లి దగ్గఱపడిన పిల్లకు తొలిసారి ముఖముపై ఈ చికిత్స చేయించుట తెలివిగల పని కాదు.

ఇంకొక వింత కలదు. కొందఱికి, ముఖ్యముగా ముఖముపైనను మెడపైనను, రోమములు తగ్గుటకు మాఱుగా మునుపటికంటె దట్టముగా మొలచును. నెలసరి క్రమము తప్పి గడ్డముపై ముదురు రోమములు వచ్చుచున్న స్త్రీలు ముందుగా వైద్యునిచే హార్మోనుల పరీక్ష చేయించుకొనవలెను.

ఎండకు నల్లబడిన చర్మముపై చికిత్స వలదు. ఢిల్లీ వేసవిలో ఇది మఱువరాదు. మొదట చిన్న చోట పరీక్షించి, కొన్ని దినములు వేచి చూడవలెను. కంటికి రక్షణ కవచము లేనిదే కిరణమును తగులనీయరాదు. మైనముతోగాని దారముతోగాని ముందే రోమములు పెఱికించుకొన్నచో కుదురున వెండ్రుక యుండదు, కిరణము వ్యర్థము; క్షౌరము చేసికొనవచ్చును.

కాలినచో మంచుగడ్డ పెట్టక చల్లని నీటిని ధారగా పోయవలెను. బొబ్బలు చిదుపరాదు, పండ్లపొడి, పసుపు, సున్నము పూయరాదు. ఆలసింపక చర్మవైద్యుని చూడవలెను. కటవారియా సరాయ్ వారికి సఫ్దర్‌జంగ్ ఆసుపత్రియు, అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థయు అంత దూరము కావు. రెండింటను చర్మవ్యాధుల విభాగము కలదు. ఏ యంత్రముతో, ఏనాడు చికిత్స జరిగినదో వ్రాయించుకొన్న చీటిని వెంట గొనిపోవలెను.