చార్మినార్ మూలికలు, పెట్రీ డిష్‌లు: కొన్ని అనుభవ పాఠాలు

1. పొడి కొనొద్దు. చార్మినార్ చుట్టుపక్కల పన్సారీ దుకాణాల్లో కరక్కాయ (హలేలా అంటే వెంటనే అందిస్తారు), బావంచాలు, చిత్రమూలం అడిగితే దంచి ఇస్తామంటారు. వద్దనండి. దంచాక ఏది ఏదో ఎవరూ చెప్పలేరు. కాయలు, వేర్లు వృక్షశాస్త్రం వాళ్లకు చూపించి, పేరు ఖాయం చేసుకుని, కొంత నమూనాగా దాచాకే రోలు ముట్టుకోండి.

2. మక్కా మసీదు ఎదురుగా ఏడో నిజాం కట్టించిన యునాని ఆస్పత్రి ఉంది. అక్కడి హకీములు రాసే జోషాందా అంటే నీళ్లలో కాచిన కషాయం. ల్యాబులో మనమేమో మూలికను మెథనాల్‌లో నానబెట్టి, బ్యాక్టీరియా చచ్చింది కాబట్టి కషాయం మంచిదేనని రాసేస్తాం. అదెలా కుదురుతుంది? రెండు రకాల సారాలూ తీయండి, రెండూ పరీక్షించండి.

3. సారం పూసిన బిళ్ళలతో పాటు వట్టి ద్రావకం పూసిన బిళ్ళ కూడా ప్రతి ప్లేటులో ఉండాలి. దీని మీద వాదన లేదు.

4. ల్యాబులో పిల్లలు ఎక్కువగా పొరబడేది బిళ్ళ చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం దగ్గరే. ముల్లర్ హింటన్ అగార్ మీద 6 మి.మీ. బిళ్ళ పెట్టి, 35 డిగ్రీల దగ్గర 16 నుంచి 18 గంటలు ఉంచి, మర్నాడు స్కేలు పట్టుకుని కూర్చుంటారు. ఒకదానికి 18 మి.మీ., ఇంకోదానికి 12 వస్తే మొదటిదే గొప్పదని తీర్పు! అగార్‌లో సులువుగా పాకే పదార్థానికి వలయం పెద్దదిగా వస్తుంది, పెద్ద అణువులది చిన్నదిగానే ఉంటుంది. వాము నూనెలోని థైమాల్ ఆవిరై పక్క బిళ్ళ లెక్కనూ పాడుచేస్తుంది, దానికి వేరే ప్లేటు ఇవ్వండి.

అసలు బలం తెలియాలంటే 96 గుంటల ప్లేటులో సారాన్ని సగం సగం పలచన చేస్తూ పోవాలి. రెసజురిన్ అనే రంగు చుక్క వేస్తే బ్యాక్టీరియా బతికున్న గుంట నీలం నుంచి గులాబీకి మారుతుంది. కరక్కాయ లాంటివి బ్యాక్టీరియా లేకుండానే ఆ రంగు మార్చగలవు. అందుకే సారం మాత్రమే ఉన్న గుంట ఒకటి పక్కన పెట్టండి.

5. స్టెఫైలోకాకస్ లొంగినంత తేలిగ్గా ఈ.కోలై లొంగదు, దానికి బయట ఇంకో పొర ఉంది. ఆ ఫలితాన్ని దాచకండి.

6. బ్యాక్టీరియాను చంపేది మన కణాలనూ చంపవచ్చు. చిత్రమూలంలోని ప్లంబాజిన్ అలాంటిదే. వేరు పచ్చిగా రాస్తే చర్మం బొబ్బలెక్కుతుంది. దాన్ని నూరేటప్పుడు గ్లవ్స్ తీయొద్దు.