పాఠం: విమానంలో దగ్గు, తుమ్ము

సెలవులకు అమ్మమ్మ వాళ్ళ ఊరికి విమానంలో వెళ్తారు కదా! పక్క సీటులో ఎవరో దగ్గుతారు. "ఆ దగ్గు నాకూ అంటుకుంటుందా?" అని మీకు అనుమానం వస్తుంది. ఇలా ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బును అంటువ్యాధి అంటాం.

నిజానికి విమానంలో గాలి చాలా శుభ్రంగా ఉంటుంది. పెద్ద విమానాల్లో గాలి పైనుంచి వచ్చి, నేల దగ్గర నుంచి బయటికి పోతుంది. అందులో సుమారు సగం బయటి నుంచి వచ్చే కొత్త గాలి. మిగతా గాలిని హెపా ఫిల్టర్ వడకడుతుంది. కంటికి కనిపించని సన్నటి కణాల్లో నూటికి 99.97 వంతులు దానికి చిక్కుతాయి. గంటకు 20 నుంచి 30 సార్లు గాలి మారుతుంది.

మరి భయం ఎందుకు? పక్కవాళ్ళ తుమ్ము ఫిల్టర్ కంటే ముందు మీ ముక్కు దగ్గరికే రావచ్చు! 2003 మార్చి 15న హాంకాంగ్ నుంచి బీజింగ్ వెళ్ళిన ఒక విమానంలో 120 మంది ఉన్నారు. వాళ్ళలో ఒక పెద్దాయనకు సార్స్ అనే జబ్బు ఉంది. ప్రయాణం మూడు గంటలే. ఆ తర్వాత సుమారు 20 మందికి ఆ జబ్బు వచ్చింది.

తట్టు కూడా గాలిలోనే వ్యాపిస్తుంది. తట్టు వచ్చిన మనిషి వెళ్ళిపోయాక కూడా ఆ వైరస్ గాలిలో రెండు గంటల దాకా ఉండగలదు. టీకా వేయించుకునే వయసు రాని చంటిపిల్లలకు అది ప్రమాదం.

ప్రయాణం రోజు పొద్దున్నే మీకు జ్వరం వస్తే? "చెప్తే అమ్మమ్మని చూడలేనేమో" అని దాచకండి. విమానంలో మీ పక్కన చంటిపాప ఉండొచ్చు. ఊళ్ళో మిమ్మల్ని దగ్గరికి తీసుకునేది అమ్మమ్మే కదా! అమ్మకో నాన్నకో వెంటనే చెప్పండి. డాక్టరును అడిగి, కావాలంటే ప్రయాణం వాయిదా వేసుకోవచ్చు. దగ్గు ఉంటే మాస్కు పెట్టుకోండి. తినేముందు చేతులు కడుక్కోండి.

ఎలా చెప్పాలి?
తెలుగులో జబ్బు మన దగ్గరికి "వస్తుంది". అందుకే "నేను" అని కాకుండా "నాకు" అని మొదలుపెడతాం.
• నాకు జ్వరం వచ్చింది.
• నాకు జలుబు చేసింది.
• నాకు ఒంట్లో బాగాలేదు.

కొత్త పదాలు
వడకట్టడం: టీని జల్లెడలో పోసినట్టు, అక్కర్లేనిదాన్ని వేరుచేయడం
తట్టు: జ్వరం, దగ్గుతో పాటు ఒంటిమీద ఎర్రటి మచ్చలు వచ్చే జబ్బు
వాయిదా: ఇంకో రోజుకి మార్చడం

జవాబులు చెప్పండి
1. ఫిల్టర్ ఉన్నా జబ్బు ఎలా అంటుకుంటుంది?
2. మీకు జ్వరం వచ్చిందని అమ్మమ్మకు ఫోన్‌లో ఎలా చెప్తారు? మూడు వాక్యాలు రాయండి.
3. మీరు చిన్నప్పుడు ఏ ఏ టీకాలు వేయించుకున్నారో ఇంట్లో తెలుగులో అడిగి రాయండి.