ఉద్యోగ వేటకు తొలి జత: తక్కువ ఖర్చులో బట్టల ఎంపిక

వేట అనగానే అడవి గుర్తుకొస్తుంది. అడవి జంతువులను వేటాడటం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. చదువుకున్న పేదవాడికి మిగిలింది ఒక్కటే వేట, ఉద్యోగ వేట. మన హాస్టళ్లలో చదివి డిగ్రీ, పీజీ పూర్తి చేసిన వారిలో చాలామంది ఈ వేటకు బయలుదేరేది మాదాపూర్‌కే.

బయోడేటా ఎలా రాయాలి, ఇంగ్లీషు ఎలా మాట్లాడాలి అని చెప్పే పుస్తకాలు బజారులో ఎన్నో దొరుకుతాయి. ఏం వేసుకుని వెళ్లాలి, దానికి ఎంత డబ్బు కావాలి అన్నది మాత్రం మనకు చెప్పేవారు తక్కువ. ఇంట్లో అడుగుదామంటే మన ఇళ్లలో అంతకు ముందు ఇంటర్వ్యూకు వెళ్లినవారే లేరు. హాస్టల్లో ఉన్నన్నాళ్లూ ప్రభుత్వం ఇచ్చిన గుడ్డతో కుట్టిన జతలు వేసుకున్నాం. రంగు మనం ఎంచుకున్నది కాదు. కొలతలు కూడా చాలాసార్లు మనవి కావు. కనుక బట్టలు ఎంచుకోవడం కూడా మనం కొత్తగా నేర్చుకోవలసిన పాఠమే. మాదాపూర్ తిరిగి వచ్చిన మేము మాకు తెలిసిన నాలుగు విషయాలు తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇక్కడ చెబుతున్నాం.

బట్ట మనకు చిన్న విషయం కాదు

ఎవరు ఏ బట్ట కట్టాలో ఒకప్పుడు కులం నిర్ణయించింది. తిరువాన్కూరు సంస్థానంలో నాడార్ స్త్రీలు పై వస్త్రం ధరించే హక్కు కోసం దశాబ్దాల పాటు పోరాడారు. 1859లో గాని రాజు దానికి అనుమతి ప్రకటించలేదు. దొరల గడీల ముందు చెప్పులు చేత పట్టుకుని నడిచిన సంగతులు మన తాతల నోట విన్నాం. 1927 డిసెంబరులో మహద్‌లో డాక్టర్ అంబేద్కర్ మహిళలతో మాట్లాడుతూ, కులాన్ని పట్టించే చీరకట్టును, నగలను వదిలేయమని చెప్పారు. బట్టకు అతుకులున్నా ఫరవాలేదు, శుభ్రంగా ఉండాలన్నది ఆయన మాటల సారం. దాదాపు వందేళ్ల కిందటి ఆ మాట ఇంటర్వ్యూకు వెళ్లే మనకు ఈనాటికీ సరిపోతుంది. ఖరీదు లేకపోవడం లోపం కాదు. శుభ్రం, కొలత మన చేతిలో ఉన్న విషయాలు.

మాదాపూర్‌లో కనిపించేది, మనకు కావలసింది

సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న నాటి ప్రధాని వాజపేయి ప్రారంభించారు. అప్పటి నుంచి మాదాపూర్ రూపమే మారిపోయింది. అక్కడ మొదటిసారి దిగినవారికి ఒక సందేహం వస్తుంది. మెడలో ఐడీ కార్డు వేసుకుని తిరిగేవారిలో చాలామంది జీన్స్ ప్యాంటు, టీ షర్టుతోనే కనిపిస్తారు. మరి మనకెందుకు ఈ ఇస్త్రీ షర్టు అనిపిస్తుంది. వారు వేసుకున్నవి ఉద్యోగం వచ్చిన తరువాతి బట్టలు. మనం వెళ్లేది ఉద్యోగం అడగడానికి. వారిని చూసి మన బట్టలు నిర్ణయించుకోకూడదు.

రెండవ పొరపాటు దీనికి వ్యతిరేక దిశలో జరుగుతుంది. అప్పు చేసి కోటు కొనడం, మెరిసే షర్టు వేసుకోవడం, కొత్త బూటు కరుస్తుంటే కుంటుకుంటూ వెళ్లడం. బట్టల డిజైన్ నేర్పే నిఫ్ట్ సంస్థ కూడా మాదాపూర్‌లోనే ఉంది. కాని మనకు కావలసింది ఫ్యాషన్ కాదు. ఇక్కడ అడవి వేటగాడి సూత్రమే మనకూ వర్తిస్తుంది. అతడు అడవి రంగులో కలిసిపోయే గుడ్డ వేసుకుంటాడు. జంతువు కన్ను ఆ గుడ్డ మీద ఆగకూడదు. అలాగే ఇంటర్వ్యూ చేసేవారి కన్ను మన చొక్కా మీద ఆగకూడదు. వారు మన మాట వినాలి. మన మనసు కూడా మన చొక్కా మీద ఉండకూడదు. ఈ రెండూ జరిగితే ఆ జత మంచి జత. దానికి పెద్ద ఖర్చు అక్కరలేదు.

గుడ్డను తెలుసుకుందాం

నూలుకు తేమను పీల్చే గుణం ఎక్కువ. మామూలు వాతావరణంలో నూలు తన బరువులో సుమారు 8.5 శాతం తేమను పట్టి ఉంచుకుంటుంది. పాలియెస్టర్‌లో ఇది 0.4 శాతం మాత్రమే. అందుకే ఎండాకాలంలో పాలియెస్టర్ చొక్కా ఒంటికి అతుక్కుంటుంది. అయితే అచ్చమైన నూలు త్వరగా ముడతలు పడుతుంది, ఆరడానికి సమయం పడుతుంది. ఈ రెండూ కలిపి నేసిన టెరికాటన్ మనబోటి వారికి అనుకూలం. రాత్రి ఉతికి ఆరేస్తే తెల్లవారేసరికి ఆరుతుంది, ఇస్త్రీ నిలుస్తుంది. అందులో నూలు పాలు ఎంత ఎక్కువైతే చెమటకు అంత మంచిది.

కొట్లో చేయదగిన పరీక్షలు నాలుగు ఉన్నాయి. గుడ్డ అంచును గుప్పిట్లో గట్టిగా పట్టి పది అంకెలు లెక్కపెట్టి వదలండి. ముడత అలాగే ఉండిపోతే అది రోజూ ఇస్త్రీ కోరే గుడ్డ. వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. అవతలి చేతి వేళ్లు స్పష్టంగా కనబడితే ఆ గుడ్డ పలుచన. తడి చేసిన తెల్ల రుమాలుతో లోపలి వైపు రుద్దండి. రంగు అంటితే ఉతుకులో కూడా పోతుంది. చివరగా కుట్టు దగ్గర రెండు వైపులా మెల్లగా లాగండి. దారాల మధ్య సందు కనబడితే ఆ కుట్టు ఎక్కువ కాలం నిలవదు.

కొలతే అసలు అందం

తక్కువ ధర చొక్కా ఒంటికి సరిపోతే హుందాగా ఉంటుంది. ఎక్కువ ధరది వదులైతే అడిగి తెచ్చుకున్నట్టు ఉంటుంది. ఫార్మల్ షర్టుల మీద 38, 39, 40, 42 అని ఉండే అంకె చాలా బ్రాండ్లలో కాలర్ చుట్టుకొలత, సెంటీమీటర్లలో. గుండీ పెట్టాక కాలర్‌లో రెండు వేళ్లు దూరాలి. భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక చివర ఉండాలి. చేతులు మణికట్టు దాకా రావాలి. ప్యాంటు అంచు బూటును తాకాలి, నేలను కాదు.

రెడీమేడ్ సరిపోనివారు గుడ్డ కొని కుట్టించుకోవచ్చు. 58 అంగుళాల పన్నా గుడ్డయితే నిండు చేతుల చొక్కాకు సుమారు 1.6 మీటర్లు, ప్యాంటుకు 1.2 నుంచి 1.3 మీటర్లు సరిపోతుంది. పొడవైనవారికి కొంచెం ఎక్కువ కావాలి. నూలు గుడ్డను ఒకసారి నీళ్లలో నానబెట్టి ఆరేశాకే టైలరుకు ఇవ్వాలి. లేకపోతే కుట్టిన తరువాత కుదించుకుపోతుంది. నడుము దగ్గర లోపల కొంత గుడ్డ వదలమని చెప్పండి. ఒళ్లు వచ్చినా అదే ప్యాంటు పనికొస్తుంది.

ఏమేమి కొనాలి?

అబ్బాయిలకు లేత నీలం లేదా తెలుపు చొక్కా ఒకటి, నలుపు లేదా ముదురు నీలం ప్యాంటు ఒకటి, నల్లబూట్లు, అదే రంగు బెల్టు, ముదురు రంగు సాక్సులు, లోపలికి బనియను. తరువాత డబ్బు వచ్చినప్పుడు ముందు రెండో చొక్కా కొనాలి, రెండో ప్యాంటు కాదు. ఒక ప్యాంటు మీద రెండు చొక్కాలు మారిస్తే రెండు జతలవుతాయి. టై కచ్చితం కాదు. కోటు మన వాతావరణానికి భారం.

అమ్మాయిలకు పెద్దగా పూలు లేని పంజాబీ డ్రస్సు, లేదా సాదా నూలు చీర. మంగళగిరి, నారాయణపేట వంటి చేనేత నూలు హుందాగానూ ఉంటుంది, చాలాకాలమూ నిలుస్తుంది. కొత్త చేనేతను మొదటిసారి విడిగా ఉతకాలి. దుపట్టాను రెండు భుజాల దగ్గర పిన్ను పెట్టుకుంటే మాట్లాడేటప్పుడు చేతులు దాని మీదికి పోవు. చప్పుడు చేయని చదును చెప్పులు చాలు.

బూట్లు, చెప్పులు సాయంత్రం పూట కొనాలి. పగలంతా నడిచిన పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది, ఆ సమయంలో సరిపోయినది ఎప్పుడూ కరవదు. కొన్నాక వారం రోజులు హాస్టల్ వరండాలో వేసుకుని నడవండి.

లెక్క వేద్దాం

చేతిలో 2,500 రూపాయలు ఉన్నాయనుకుందాం. బూట్లకు 800, ప్యాంటుకు 700, చొక్కాకు 450, బెల్టు, సాక్సులు, బనియనుకు కలిపి 250, ఇవి మించకూడదని గీత గీసుకోవాలి. మొత్తం 2,200. మిగిలిన 300 ప్రయాణానికి, జిరాక్సులకు, ఇస్త్రీకి ఉంచుకోవాలి. ఎంఆర్‌పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి, దాని మీద ఒక్క రూపాయి అదనంగా ఇవ్వనక్కరలేదు. కోఠి సుల్తాన్ బజార్, సికింద్రాబాద్ జనరల్ బజార్, పత్తర్‌గట్టి వంటి చోట్ల నాలుగు కొట్లు తిరిగి బేరమాడితే ఈ లెక్కలో పడవచ్చు.

ఒక్క కొలమానం గుర్తుంచుకోండి. 450 రూపాయల చొక్కాను 45 సార్లు వేసుకుంటే ఒక్కోసారికి 10 రూపాయలు పడుతుంది. 3,000 పెట్టి కొన్న కోటును రెండుసార్లు వేసుకుంటే ఒక్కోసారికి 1,500. ఏది ఖరీదైనదో మీరే చెప్పండి. మెస్ డబ్బులు, ఇంట్లో నాన్న కూలి డబ్బులు బట్టల మీద పెట్టవద్దు. ఉద్యోగం ఖాయమైంది, యూనిఫాంకు ముందుగా డబ్బు కట్టమని ఎవరైనా ఫోన్ చేస్తే అది మోసమని గ్రహించి పెట్టేయండి.

ఆ రోజు

ముందు రాత్రే బట్టలన్నీ ఒకసారి వేసుకుని, కూర్చుని, చేతులు పైకెత్తి చూసుకోవాలి. ఊడే గుండీ రాత్రే ఊడితే మేలు. సూది దారం, తెల్ల రుమాలు సంచిలో ఉండాలి. వానాకాలమైతే చెప్పులతో వెళ్లి, ఆఫీసు దగ్గర బూట్లు మార్చుకోవచ్చు. 2019 మార్చి 20 నుంచి అమీర్‌పేట, హైటెక్ సిటీల మధ్య మెట్రో నడుస్తోంది. అదే ఏడాది నవంబరు 29 నుంచి రాయదుర్గం దాకా వెళ్తోంది. బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడి వెళ్లేకన్నా ఆ ఒక్క రోజు మెట్రోకు టికెట్టు పెట్టడం మంచిది. 2020 తరువాత కంప్యూటరు తెర ముందు జరిగే ఇంటర్వ్యూలు పెరిగాయి. వాటికి సన్న చారల చొక్కా వద్దు. కెమెరాలో ఆ చారలు అలల్లా కదులుతాయి. సాదా రంగు మేలు.

మా ప్రతిపాదన

ఇంత చెప్పినా 2,500 రూపాయలు కూడా లేనివారు మనలో ఉన్నారు. బట్టలు లేవని ఇంటర్వ్యూ మానుకుంటే పోయేది ఒక్క రోజు కాదు, ఒక ఇంటి భవిష్యత్తు. కనుక ఈ వార్షికోత్సవం నుంచి ఒక పని మొదలుపెడదాం. ఉద్యోగం వచ్చిన ప్రతి పూర్వ విద్యార్థి, విద్యార్థిని తాము ఇంటర్వ్యూకు వేసుకున్న జతను ఉతికి, ఇస్త్రీ చేసి, కొలత రాసిన చీటీ గుచ్చి హాస్టల్‌కు ఇవ్వాలి. వార్డెన్ గారి అనుమతితో ఒక బీరువా, ఒక రిజిస్టరు చాలు. తీసుకున్నవారు ఉతికి తిరిగి పెట్టాలి. అది దానం కాదు, అప్పు కాదు. లైబ్రరీ పుస్తకం తీసుకున్నట్టే తీసుకోవాలి, తలదించుకోనక్కరలేదు.

మొదటి రెండు చొక్కాలు, 39, 40 సైజువి, మేము తెస్తున్నాం. మిగిలిన సైజులు మీరు తీసుకురండి.